వాడకంలో తేలే లెక్క: వస్తువులపై మన అలవాట్లు మోపే పర్యావరణ భారాన్ని కొలిచి తగ్గించుకునే విధానం

ఒకే కర్మాగారంలో ఒకే రోజున తయారైన రెండు వాషింగ్ మిషన్లు రెండు ఇళ్లకు చేరాయనుకుందాం. ఒక ఇంట్లో డ్రమ్ము నిండాకే మిషన్ వేస్తారు, మామూలు నీళ్లతోనే ఉతుకుతారు, తీగ మీద ఆరేస్తారు. రెండో ఇంట్లో నాలుగు బట్టలు పోగవగానే 60 డిగ్రీల వేడికి పెట్టి, ఆ తర్వాత డ్రయ్యర్‌లో ఆరబెడతారు. పదేళ్ల తర్వాత ఆ రెండింటికీ అయిన కరెంటూ నీళ్లూ లెక్కతీసి పక్కపక్కన పెడితే, అవి ఒకే రకం మిషన్లంటే నమ్మడం కష్టం. కొన్నప్పుడు వాటి మీద అంటించి ఉన్న సామర్థ్యపు లేబుల్ మాత్రం రెండింటికీ ఒకటే. ప్రయోగశాలలో నిర్ణీత పద్ధతిలో నడిపితే ఎంత ఖర్చవుతుందో ఆ లేబుల్ చెబుతుంది. మన చేతిలో ఎంత ఖర్చవుతోందో మనమే కొలుచుకోవాలి.

ఆ కొలత ఎలా తీసుకోవాలో, వచ్చిన అంకెలను బట్టి ఏ అలవాటును ముందు మార్చుకోవాలో, ఆ మార్పు నిలబడాలంటే ఏం చేయాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను. ఇందుకు కావలసినవి ఒక నోటు పుస్తకం, ప్లగ్గుకీ పరికరానికీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్, ఒక బకెట్, ఒక కొలత గ్లాసు, సమయం చూసుకోవడానికి ఫోన్. కొలతకు మొత్తం రెండు వారాలు, మార్పుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి, కేటాయిస్తే చాలు.

మొదటి అడుగు: వస్తువును పక్కనబెట్టి, అది చేసి పెట్టే పనిని చూడండి

ఒక వస్తువు తయారీ మొదలుకొని పారేసేదాకా మోపే భారాన్ని లెక్కించడాన్ని జీవితచక్ర విశ్లేషణ అంటారు. దీనికి అంతర్జాతీయంగా పాటించే ఐఎస్ఓ 14040, 14044 ప్రమాణాల ప్రకారం, ఏ వస్తువు భారాన్నయినా లెక్కించే ముందు అది చేసే పని ఏమిటో, ఆ పనిని ఏ కొలతలో చెప్పాలో తేల్చుకోవాలి. దాన్ని ప్రయోజన ప్రమాణం అనుకుందాం. వాషింగ్ మిషన్‌కు అది ఒక కిలో బట్టలు ఉతికి ఆరబెట్టడం. కెటిల్‌కు ఒక కప్పు మరిగిన నీళ్లు. కారుకు ఒక మనిషిని ఒక కిలోమీటరు దూరం చేర్చడం.

ఇది పుస్తకాల కోసం చెప్పే మాట కాదు. లెక్కలోకి మన ప్రవర్తన వచ్చి చేరేది ఇక్కడే. కారు మైలేజీని చూస్తే డ్రైవరు ఒక్కడే వెళ్లినా నలుగురు కలిసి వెళ్లినా ఒకే అంకె కనబడుతుంది. ఒక్కో మనిషికి, ఒక్కో కిలోమీటరుకు అని రాసుకుంటే నలుగురితో వెళ్లిన ప్రయాణపు భారం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. సగం నిండిన డ్రమ్ముతో మిషన్ వేసినప్పుడు ఒక్కో ఉతుకుకు కరెంటు కొంచెం తగ్గినట్టే కనిపిస్తుంది కాని, కిలోకు ఎంతని చూస్తే పెరుగుతుంది. కాబట్టి నోటు పుస్తకంలో మొదటి పేజీలో వస్తువు పేరు రాసి, దాని పక్కనే ఈ ప్రయోజన ప్రమాణాన్ని కూడా రాసుకోండి.

రెండో అడుగు: భారం ఏ దశలో ఉందో తేల్చుకోండి

అన్ని వస్తువులకూ వాడకపు దశే బరువైనది కాదు. ఈ సంగతి తేల్చుకోకుండా మొదలుపెడితే శ్రమంతా అక్కరలేని చోట ఖర్చవుతుంది.

కొన్ని వస్తువులు వాడిన ప్రతిసారీ కరెంటో ఇంధనమో వేడినీళ్లో అడుగుతాయి. గీజర్, ఫ్రిజ్, ఏసీ, కారు, ఇస్త్రీ పెట్టె ఇలాంటివి. షాంపూ, సబ్బు, డిటర్జెంట్ కూడా ఇందులోకే వస్తాయని చాలామందికి తట్టదు. షాంపూ సీసాకు ప్లగ్గు ఉండదు, కాని అది వాడినప్పుడల్లా తనతోపాటు కొన్ని పదుల లీటర్ల వేడినీళ్లను లాక్కొస్తుంది. సీసా రీసైకిల్ అవుతుందా లేదా అని మనం ఆలోచిస్తూ ఉంటాం, ఆ సీసా మోసే భారంలో పెద్ద వాటా షవర్ కింద నిలబడిన నిమిషాలదే.

మరికొన్ని వస్తువుల భారం మన ఇంటికి రాకముందే చాలావరకు ఖర్చయిపోయి ఉంటుంది. ఫోన్ ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. దాని బ్యాటరీలో పట్టేది 15 నుంచి 20 వాట్ అవర్లు. రోజూ ఒకసారి పూర్తిగా చార్జ్ చేసినా, చార్జర్‌లో పోయే నష్టాన్ని కలుపుకున్నా, ఏడాదికి పది యూనిట్లకు (ఒక యూనిట్ అంటే 1000 వాట్ అవర్లు) అటూ ఇటూగానే ఉంటుంది. ఇటువంటి వస్తువు విషయంలో మన చేతిలో ఉన్న అతి పెద్ద మీట దాని ఆయుష్షు. తెర పగిలితే మార్పించుకుని, బ్యాటరీ బలహీనపడితే కొత్తది వేయించుకుని మరో రెండేళ్లు వాడటంతో పోలిస్తే, చార్జర్‌ను ప్లగ్గులోంచి తీసిపెట్టడం వల్ల ఒరిగేది చాలా స్వల్పం.

చేతిసంచి కూడా ఈ రకానికి చెందినదే, అయితే దాని కథ కొంచెం లోతైనది. బ్రిటన్‌లోని ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ 2011లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఒక్కసారి వాడి పారేసే పల్చటి ప్లాస్టిక్ సంచి కన్నా నూలు సంచి వల్ల వాతావరణానికి తక్కువ చేటు జరగాలంటే, ఆ నూలు సంచిని కనీసం 131 సార్లు వాడాలి. ఆ ప్లాస్టిక్ సంచులన్నిటినీ ఇంట్లో చెత్తబుట్టలకు తొడిగి రెండోసారి వాడుకుంటే, నూలు సంచిని 327 సార్లు వాడాల్సి వస్తుంది. సంచులు మారలేదు, ఇంట్లో వాళ్ల అలవాటు మారేసరికి జవాబు రెండింతలు దాటింది. కాలువల్లో, సముద్రాల్లో పేరుకునే ప్లాస్టిక్ సంగతి ఈ అంకెల్లో లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఏ సంచి మంచిదని అడిగేకన్నా, మన దగ్గరున్న సంచిని ఎన్నిసార్లు వాడామని అడగడం నాకు సరైన ప్రశ్నగా తోస్తుంది.

బట్టలు ఈ రెండింటికీ నడుమ ఉంటాయి. లెవీ స్ట్రాస్ సంస్థ తన 501 రకం జీన్స్ మీద చేయించి 2015లో వెల్లడించిన విశ్లేషణలో, పత్తి చేను మొదలుకొని పారేసేదాకా ఒక జత వెనుక 3,781 లీటర్ల నీళ్లు, 33.4 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు తేలాయి. ఆ నీళ్లలో ఎక్కువ భాగం పత్తి సాగుదే. కొన్నవాళ్లు ఉతకడం, ఆరబెట్టడం వల్ల అయినది నీళ్లలో 23 శాతం, ఉద్గారాల్లో 37 శాతం. అంటే నీళ్ల గురించి బెంగ ఉన్నవారు ఆ జీన్స్‌ను ఎక్కువ కాలం తొడగాలి, ఉద్గారాల గురించి బెంగ ఉన్నవారు దాంతోపాటు తక్కువసార్లు, తక్కువ వేడితో ఉతకాలి.

మూడో అడుగు: అలవాటును విడదీసి రాసుకోండి

భారం వాడకంలోనే ఉందని తేలిన వస్తువులను రెండు మూడు ఎంచుకోండి. ఒక్కోదాని కింద ఎన్నిసార్లు వాడుతున్నాం, ఒక్కోసారి ఎంత వాడుతున్నాం, ఎంత వేడికి లేదా ఎంత వేగానికి పెడుతున్నాం, ఎంతసేపు నడుపుతున్నాం, పని లేనప్పుడు అది ఏ స్థితిలో ఉంటోంది, దాన్ని ఎలా చూసుకుంటున్నాం అన్నవి రాయండి.

వేడీ వేగమూ అన్న ప్రశ్న దగ్గర కాస్త ఆగండి. ఇక్కడ భారం మనం ఊహించినంత మెల్లగా పెరగదు. కారుకు ఎదురయ్యే గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని, అంటే వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చే అంకెను బట్టి పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు వెళ్తే వేగం పెరిగింది నాలుగో వంతే అయినా, గాలిని చీల్చుకుపోవడానికి ప్రతి కిలోమీటరుకూ పట్టే శక్తి 56 శాతం పెరుగుతుంది.

పని లేనప్పటి స్థితిని కొలవడం తేలిక. స్టాండ్‌బైలో 5 వాట్లు తీసుకునే పరికరం ఏడాది పొడవునా అలాగే ఉంటే దాదాపు 44 యూనిట్లు ఖర్చు చేస్తుంది. ఇక చూసుకోవడం అంటే తలుపు చుట్టూ ఉన్న రబ్బరు వదులైన ఫ్రిజ్, దుమ్ము పట్టిన ఏసీ ఫిల్టరు, గాలి తగ్గిన టైరు వంటివి. ఇవి ఎవరి కంటా పడకుండా నెలల తరబడి అలాగే సాగిపోతాయి.

నాలుగో అడుగు: కొలవండి

ముందు ఒక వారం ఏమీ మార్చకుండా, ఇప్పటిదాకా ఎలా వాడుతున్నారో అలాగే వాడుతూ కొలవండి. కొలుస్తున్నామన్న స్పృహతో మనిషి తనకు తెలియకుండానే జాగ్రత్తపడతాడు, కాబట్టి మొదటి రెండు రోజుల అంకెలను పక్కన పెట్టడం మంచిది. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి. వాళ్లను తప్పుపట్టడానికి కొలుస్తున్నారన్న అనుమానం వస్తే ఆ పుస్తకంలో నిజం ఉండదు.

ప్లగ్గుతో నడిచే వాటికి వాట్ మీటర్ పెడితే సరిపోతుంది. ఫ్రిజ్, ఏసీ లాంటివి ఆగి ఆగి నడుస్తాయి గనక ఒక క్షణంలో చూపే వాట్లను నమ్మకుండా, కనీసం 24 గంటల మొత్తం యూనిట్లను రాసుకోవాలి. గీజర్, ఏసీ ఎక్కువ కరెంటు లాగుతాయి కాబట్టి మీటరు అంత తట్టుకుంటుందో లేదో దాని మీద చూసుకున్నాకే తగిలించండి. నేరుగా తీగలతో బిగించిన పరికరాల జోలికి వెళ్లకుండా, మిగతావన్నీ ఆపేసి ఇంటి మీటరు రీడింగును పరికరం వేయకముందు ఒకసారి, వేసి ఆపాక ఒకసారి చూడటం క్షేమం.

వేడినీళ్లకు మీటరు కూడా అక్కరలేదు, ఒక చిన్న సూత్రం చాలు. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 1.16 వాట్ అవర్లు కావాలి. లీటర్లను, పెరిగిన డిగ్రీలను, 1.16ను గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. ఇంటి వాడకంలో భారాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా పనికొచ్చే సూత్రం మరొకటి లేదని నా నమ్మకం.

కెటిల్‌నే తీసుకుందాం. ఒక మనిషికి ఒక కప్పు, అంటే 250 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు కావాలి. కుళాయి కింద పెట్టి తిప్పితే చెయ్యి అలవాటుగా నింపేది లీటరున్నర. 20 డిగ్రీల నీటిని 100కు తేవడానికి ఆ లీటరున్నరకు 140 వాట్ అవర్లు పడుతుంది. కావలసిన కప్పుకు మాత్రమే అయితే 23 చాలు. మిగిలిన దాదాపు 117 వాట్ అవర్లు బల్ల మీద నిలబడి మెల్లగా చల్లారిపోతాయి. అంత కరెంటుతో 9 వాట్ల ఎల్‌ఈడీ దీపం దాదాపు 13 గంటలు వెలుగుతుంది. మిగిలిన నీళ్లు చల్లారకముందే మళ్లీ మరిగిస్తే నష్టం కొంత తగ్గుతుందన్నది నిజమే, అందుకే సూత్రం ఇచ్చిన అంకెతో ఆగకుండా ఒకసారి మీటరు పెట్టి కూడా చూడమంటున్నాను. కెటిల్‌కు ఆ కప్పు మట్టం దగ్గర ఒక గీత పెట్టుకున్న రోజే ఆ అలవాటు మారుతుంది.

షవర్‌ను బకెట్‌తో కొలవండి. ఒక నిమిషం పట్టి చూస్తే ఎన్ని లీటర్లో తెలుస్తుంది. నిమిషానికి 8 లీటర్లు వచ్చి, నీళ్లు 20 నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే, పది నిమిషాల స్నానానికి 80 లీటర్లు, 1.86 యూనిట్లు. నాలుగు నిమిషాలు తగ్గిస్తే 32 లీటర్లు, 0.74 యూనిట్లు మిగులుతాయి. నీటిని తానే వేడి చేసుకునే వాషింగ్ మిషన్ ఒక ఉతుకులో 15 లీటర్లను 20 నుంచి 60 డిగ్రీలకు తెచ్చిందనుకుంటే ఆ వేడికే 0.7 యూనిట్ అవుతుంది. 30 డిగ్రీలకే ఆపితే 0.17. డ్రమ్ము తిప్పడానికి అయ్యే కరెంటు రెండు సందర్భాల్లోనూ ఇంచుమించు ఒకటే. మిషన్ వాడకంలో మనం నిజంగా ఎంచుకుంటున్నది వేడినే అని ఈ అంకెలు చెబుతున్నాయి.

యూనిట్లను ఉద్గారాలుగా మార్చాలంటే ఆ కరెంటు ఎక్కడినుంచి వస్తోందో తెలియాలి. వాతావరణ మార్పుపై అంతర్ప్రభుత్వ సంఘం 2014 నివేదికలోని మధ్యస్థ అంచనాల ప్రకారం ఒక యూనిట్‌కు బొగ్గు కేంద్రం నుంచి 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వస్తే, నేల మీది గాలిమర నుంచి 11 గ్రాములే. కరెంటు వచ్చే చోటును బట్టి ఒకే అలవాటుకు డెబ్భై రెట్లకు పైగా తేడా రావచ్చు. మీ ప్రాంతానికి కరెంటు అందించే గ్రిడ్‌లో యూనిట్‌కు సగటు ఉద్గారాలు తెలిస్తే వాడండి, తెలియకపోతే యూనిట్లలోనే పోల్చుకోండి.

ఐదో అడుగు: మన ఊహను నమ్మకుండా వరుస నిర్ణయించండి

ఇప్పుడు పుస్తకంలోని అంకెలను పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చండి. ఇక్కడ చాలామంది తమ అంకెలను కాక తమ మనసును నమ్ముతారు. పరిశోధకురాలు షాజీన్ అత్తారి, ఆమె సహ పరిశోధకులు 2010లో ప్రచురించిన సర్వేలో, 505 మందిని వేర్వేరు పరికరాలు ఎంత శక్తి వాడతాయో అడిగారు. అసలు ఖర్చును వాళ్లు సగటున 2.8 రెట్లు తక్కువగా అంచనా వేశారు. అందులోనూ ఎక్కువ శక్తి తీసుకునే వాటి విషయంలోనే పొరపాటు ఎక్కువ. శక్తిని ఆదా చేయడానికి ఏం చేయాలని అడిగితే, చాలామంది దీపాలు ఆర్పడం వంటి పనులే చెప్పారు.

కారణం ఊహించవచ్చు. దీపం కంటికి కనిపిస్తుంది, గీజర్‌లోని వేడి కనిపించదు. దీపాలు ఆర్పవద్దని నేననడం లేదు. ఆ పనితో మన బాధ్యత తీరిపోయిందన్న తృప్తి కలిగి అక్కడే ఆగిపోవడం గురించే నా ఆందోళన. వేడి చేసేవి, చల్లబరిచేవి, మనిషిని మోసేవి వరుసలో దాదాపు ఎప్పుడూ పైనే ఉంటాయి. పైన ఉన్న ఒకటి రెండింటినే ఎంచుకుని మిగతావాటిని తర్వాతకు వదిలేయండి.

ఆరో అడుగు: ఒకసారి నిర్ణయించి, రోజూ గుర్తుంచుకునే అవసరం లేకుండా చేయండి

రోజూ సంకల్పం చెప్పుకుని పాటించే మార్పు ఎక్కువ కాలం నిలవడం కష్టం. ఒకసారి చేసి వదిలేస్తే తనంతట తాను పనిచేసే మార్పు నిలుస్తుంది. గీజర్ థర్మోస్టాట్‌ను ఒకసారి తగ్గించి పెట్టడం, వాషింగ్ మిషన్‌లో 30 డిగ్రీల ప్రోగ్రామును మొదటిదిగా సేవ్ చేసుకోవడం, షవర్‌కు తక్కువ ధార ఇచ్చే తలను బిగించడం, టీవీకీ దాని చుట్టూ ఉన్న పెట్టెలకూ ఒకే స్విచ్చున్న బోర్డు పెట్టడం ఇలాంటివి. డిటర్జెంట్ డబ్బాలో చెంచాకు బదులు సరైన కొలత గిన్నె వేసి ఉంచడం కూడా ఇందులోదే. మోతాదు మించి వేస్తే బట్టలు మరింత శుభ్రం కావు, జాడించడానికి నీళ్లు మాత్రం ఎక్కువ పడతాయి. తయారీదారులు మిషన్‌ను మొదట్లోనే తక్కువ వేడికి పెట్టి అమ్మితే కోట్ల ఇళ్లలో ఈ పని మనం చెప్పకుండానే జరిగిపోతుంది, ఆ బాధ్యతను వాళ్లు వినియోగదారుడి మీదికి నెట్టేయడం న్యాయం కాదు.

అలవాటును గుర్తుచేసే సమాచారం కూడా పనిచేస్తుంది, అయితే ఇచ్చే తీరును బట్టి. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త వెస్లీ షుల్ట్జ్ బృందం కొన్ని ఇళ్లకు వాళ్ల వాడకాన్నీ చుట్టుపక్కల ఇళ్ల సగటునూ తెలియజేసి, ఫలితాలను 2007లో ప్రకటించింది. ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు. తక్కువ వాడేవాళ్లు సగటు వైపు జరిగి, వాడకాన్ని పెంచారు. తక్కువ వాడేవాళ్ల చీటీ మీద ఒక నవ్వు ముఖం గీసి మెచ్చుకున్నప్పుడు ఆ పెరుగుదల ఆగింది. ఇంట్లో అంకెలు గోడకు అంటించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఎవరు ఎక్కువ వాడారో చూపడంతోపాటు, తక్కువ వాడినవాళ్లను మెచ్చుకునే మాట కూడా అక్కడ ఉండాలి.

ఏడో అడుగు: మిగిలింది ఎక్కడికి పోయిందో చూడండి

బొగ్గును పొదుపుగా వాడే ఆవిరి యంత్రాలు వచ్చాక బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని బ్రిటిష్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే గమనించాడు. ఇంట్లోనూ అదే జరుగుతుంది. తక్కువ కరెంటు తీసుకునే ఏసీ వచ్చిందని మరో రెండు గంటలు ఎక్కువ వేస్తాం. మైలేజీ బాగున్న కారు వచ్చిందని నడిచి వెళ్లే దూరానికీ బయటికి తీస్తాం. దీన్నే రీబౌండ్ ప్రభావం అంటారు. దీన్ని పట్టుకోవడానికి మార్పు చేసిన నెల తర్వాత మళ్లీ ఒక వారం కొలవండి. ఒక్కో వాడకానికి అయిన ఖర్చును, మొత్తం వాడకాల సంఖ్యను వేర్వేరు వరుసల్లో రాయండి. మొదటిది తగ్గి రెండోది పెరిగితే ఆదా ఎటు కారిపోతోందో తెలిసిపోతుంది. అప్పటిదాకా ఉక్కపోతతో ఓర్చుకున్న ఇంటికి ఆ రెండు గంటలు నిజమైన అవసరమే కావచ్చు. అలాంటప్పుడు దాన్ని తప్పుగా కాక, తెలిసి తీసుకున్న నిర్ణయంగా రాసుకోండి.

ఎనిమిదో అడుగు: పాతదాన్ని ఉంచాలా, మార్చాలా

ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదు, లెక్క మాత్రం ఉంది. కొత్త వస్తువు తయారీకి అయ్యే ఉద్గారాలను, అది ఏడాదికి మిగిల్చే ఉద్గారాలతో భాగిస్తే ఎన్నేళ్లకు ఆ అప్పు తీరుతుందో వస్తుంది. కొత్త ఫ్రిజ్ తయారీకి 300 కిలోలు అయిందని, పాతదానికన్నా అది ఏడాదికి 200 యూనిట్లు మిగులుస్తుందని ఊరికే లెక్క కోసం అనుకుందాం. గ్రిడ్ సగటు యూనిట్‌కు అర కిలో అయితే ఏడాదికి 100 కిలోలు మిగిలి, మూడేళ్లలో అప్పు తీరుతుంది. గ్రిడ్ సగటు 100 గ్రాములే అయితే ఏడాదికి మిగిలేది 20 కిలోలు, తీరడానికి పదిహేనేళ్లు పడుతుంది. ఆలోపు ఆ కొత్త ఫ్రిజ్ పాడైపోయినా పోవచ్చు. మీ పాత పరికరం వాడకం మీద నాలుగో అడుగులో తీసిన అంకె ఉంటేనే ఈ లెక్క మీ ఇంటికి వర్తిస్తుంది. లేబుల్ మీది అంకెలతో చేస్తే అది ప్రయోగశాలకు వర్తిస్తుంది.

మార్చాలనే తేలితే, పాత ఫ్రిజ్‌ను ఇంకో గదిలో పెట్టి నీళ్ల సీసాల కోసమని నడపకండి. అలా చేస్తే రెండు ఫ్రిజ్‌లు నడుస్తాయి, తీరాల్సిన అప్పు ఎప్పటికీ తీరదు. దాన్ని విప్పేవాళ్లు లోపలి శీతలీకరణ వాయువును గాల్లోకి వదలకుండా సిలిండర్‌లోకి లాగి తీస్తారో లేదో ముందు అడగండి. తీస్తామని చెప్పినవాళ్లకే అప్పగించండి.